ఇరవై మంచాలకి వేడినీళ్ళు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు మా ఇంటికొస్తారు. కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకోకముందే అడిగే మాట ఒకటే. "సార్, మంచానికి ఎన్ని లీటర్లు వేసుకోమంటారు?" నాకు ఒళ్ళు మండిపోతుంది. ఏ మంచానికయ్యా? ఎవరు పడుకున్న మంచానికి? పెళ్ళికి ఎన్ని కుంచాల బియ్యం పొయ్యాలి అని వంటవాణ్ణి అడిగి చూడండి. ఎందరొస్తారు, ఎన్ని పంక్తులు లేస్తాయి, అందరూ ఒకేసారి కూర్చుంటారా అని వాడు తిరిగి మిమ్మల్నే అడుగుతాడు. వాడికున్న బుద్ధి ఇంజినీరుకి ఎందుకుండకూడదో నాకు అర్థం కాదు.

నేను వేడినీళ్ళ మనిషిని. పుట్టింది నర్సీపట్నం మిషను కాంపౌండులో. డిప్లొమా చేసి విశాఖపట్నంలో ఒక కంపెనీలో చేరాను. ఆసుపత్రులకీ, హాస్టళ్ళకీ, లాడ్జీలకీ బాయిలర్లు పెట్టడంలోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి రాలేదు, అంతే. బాయిలరు ఎంతది పెట్టాలి అనే లెక్క నాకు నిజంగా వంటబట్టింది మా ఊళ్ళోనే, డెబ్బైల చివర్లో, మిషను ఆసుపత్రి పురుళ్ళ వార్డులో. ఆ ఒక్క పనీ వివరంగా చెబితే మిగతా అన్నీ చెప్పినట్టే.

మూర్తి గారి బకెట్టు

నన్ను పనిలోకి తీసుకున్న ఇంజినీరు మూర్తి గారు. సన్నగా పొడుగ్గా, ఎప్పుడూ ఎవరి మీదో చిరాకుగా ఉండేవారు. నా చేతికి ఆయన మొదటి రోజు ఇచ్చింది స్కేలూ పెన్సిలూ కాదు, ఒక బకెట్టు.

"బాయిలరు మీద రేకు కొట్టి ఉంటుంది, ఇంత శక్తి, అంత శక్తి అని. దాన్ని నమ్మకు. కొళాయి కింద బకెట్టు పెట్టు. ఎంతసేపట్లో నిండిందో చూడు. అందులో థర్మామీటరు ముంచు. అదీ దాని శక్తి," అన్నారు.

ఒక లీటరు నీళ్ళని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకేలరీ పడుతుంది. మన పనిలో సైన్సు ఇంతే. వంద లీటర్లని నలభై డిగ్రీలు పెంచాలంటే నాలుగు వేలు. గంటలో కావాలంటే గంటకి నాలుగు వేలు ఇచ్చే బాయిలరు పెట్టాలి. నాలుగు గంటలు ఆగగలిగితే గంటకి వెయ్యి ఇచ్చేది చాలు. ఈ చివరి మాట కూడా మూర్తి గారు చెప్పిందే, చాలామంది వినరు. వినకుండానే రిటైరైన వాళ్ళు కూడా నాకు తెలుసు.

మూర్తి గారి దగ్గర రెండు లోపాలుండేవి. ఒకటి, ఆయనకి సైటుకి రావడమంటే గిట్టదు. బకెట్టు మాకిచ్చి పంపించి, మేం తెచ్చిన అంకెలతో బల్ల దగ్గర కూర్చుని తేల్చేసేవారు. రెండోది, అనుమానం వస్తే పెద్దది పెట్టెయ్యమనేవారు. పెద్ద బాయిలరు పెట్టిన ఇంజినీరుని ఎవరూ తిట్టరు, నిజమే. కానీ దాన్ని కొనలేక అసలు పనే మానుకున్న వాళ్ళు మన దగ్గరికొచ్చి చెప్పరు కదా. అందుకే పెద్దది పెట్టడాన్ని నేను జాగ్రత్త అనను, బద్ధకం అంటాను. ఆయన ఎదురుగా కూడా అన్నాను, బాగా చివాట్లు తిన్నాను.

ఖాళీ మంచాలు

మా ఊరి ఆసుపత్రి నుంచి కంపెనీకి కబురొచ్చింది. పురుళ్ళ వార్డులో బాయిలరు పనిచెయ్యడం లేదని. ఆ బాయిలరు మేం పెట్టింది కాదు, వేరే పట్నం వాళ్ళెవరో పెట్టి వెళ్ళారు. మీ ఊరే కదా, నువ్వు పో అన్నారు మూర్తి గారు. బకెట్టు పట్టుకుని బస్సెక్కాను.

వార్డు మేట్రన్ సలోమి సిస్టరు గారు. చిన్నప్పుడు సండే స్కూల్లో నా చెవి మెలిపెట్టిన చెయ్యి ఆవిడదే. కంపెనీలో ఇంజినీరు సుందర్రావునైనా ఆవిడకి సుందరాన్నే.

"ఏరా సుందరం, బేగి చూసి చెప్పు. చచ్చిందా, బతికుందా?" అంది బాయిలరుని చూపించి.

వార్డు వెనకాల, ఎవరికీ కనబడకుండా ఒక గదిలో ఉంది బాయిలరు. కట్టెలతో మండేది. అక్కణ్ణుంచి పైపు గోడల వెంట వంకర్లు తిరిగి స్నానాల గదుల దాకా వచ్చింది. గదుల్లో పైన షవర్లు, కింద నున్నటి గచ్చు. బకెట్టు పెట్టాను, థర్మామీటరు ముంచాను. గంటకి ఆరు వేల కిలోకేలరీలు ఇస్తోంది. రేకు మీద కూడా ఆరు వేలనే ఉంది. ఇరవై మంచాలు, మంచానికి రోజుకి అరవై లీటర్లు, పగలంతా సర్దుకుని వాడతారని వేసిన లెక్క. ఎక్కడా తప్పు లేదు.

"బాయిలరు నిక్షేపంలా ఉంది సిస్టరు గారూ," అన్నాను.

ఆవిడ నా భుజం పట్టుకుని వార్డులోకి తీసుకెళ్ళింది. ఇరవై మంచాల్లో ఐదింటి మీదే మనుషులున్నారు. మిగతావి దుప్పట్లు మడతపెట్టి ఖాళీగా ఉన్నాయి.

"పురుళ్ళు లేకా? రోజూ ఉన్నాయి. కొండ మీంచి డోలీల్లో మోసుకుని మరీ తెస్తున్నారు. కంటున్నారు, మూడోనాడు లేచి వెళ్ళిపోతున్నారు. మూడోనాడు పురిటి తానం పొయ్యాలి వాళ్ళకి. ఇక్కడ నీళ్ళు చాలవు. ఇంటికెళ్ళి పోసుకుంటామంటారు. చింతపల్లి బస్సెక్కి, దిగి, మళ్ళీ కొండెక్కి నడవాలి. పచ్చి బాలింతలు, సుందరం. దారిలో నెత్తురు పోతే ఎవరున్నారు?"

ఇంకో సంగతి కూడా చెప్పింది. మంచాలు ఖాళీగా ఉంటున్నాయి కాబట్టి ఈ వార్డు ఎందుకని ఆసుపత్రి కమిటీలో మాట వచ్చిందట. జనవరి నెలాఖరున కూర్చుని తేలుస్తారట. ఆవిడకి కన్నీళ్ళు పెట్టుకునే అలవాటు లేదు. ఆ మాట చెబుతూ ఒక ఖాళీ మంచం మీద దుప్పటి విప్పి మళ్ళీ మడతపెట్టింది. నేను పుట్టిన వార్డు అది.

కాసులమ్మ

అప్పుడే స్నానాల గదుల దగ్గర్నుంచి ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూస్తోంది. చింతపల్లి అవతల కొండ ఊరు. పేరు కాసులమ్మ. మనవరాలు చిన్నమ్మికి ఒంట్లో రక్తం తక్కువగా ఉందని నెలలు నిండకముందే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆ పిల్లకి తోడుగా వచ్చి, ఊరికే కూర్చోలేక వార్డులో బాలింతలకి నీళ్ళు పొయ్యడంలో తక్కినవాళ్ళకి సాయం చేస్తోంది.

"ఏటి బాబూ, ఆడోల్లు తానం సేసే కాడ నీకేటి పని?"

"బాయిలరు చూడ్డానికొచ్చానమ్మా."

"అదా? నలుగురికి పోత్తాది. ఐదో మడిసికి ముక్కు కారుత్తాది."

"షవరు కింద నిలబడితే తక్కువ నీళ్ళు పడతాయి కదమ్మా."

ఆవిడ సలోమి సిస్టరు గారి వైపు తిరిగి, నన్ను చూపించి నవ్వింది. "ఈ బాబుకి పెల్లయిందా అమ్మా? అవనేదు కదా, నాకు తెలుత్తంది. బాబూ, పురిటాల్ని గొట్టం కింద నిలబెడితే ఎవులు పోసినట్టు? కూకోబెట్టి, నడుం మీద సెయ్యేసి, సెంబుతో పొయ్యాల. సెయ్యి పడకపోతే అది తానవేటి?"

నాకు పెళ్ళి కాలేదన్న సంగతి ఆ పూటకి వార్డంతా తెలిసిపోయింది.

ఒక పురిటి స్నానానికి ఎన్ని నీళ్ళు కావాలని అడిగాను. "నడుం ఒదులైందాకా" అంది. అది లీటర్లలో ఎంతో నాకెలా తెలుస్తుంది? అందుకని ఒక పని చేశాను. వంటశాలలోంచి గంగాళం తెప్పించి, మూడు రాళ్ళ మీద పెట్టించి, నీళ్ళు కాయించాను. మీ ఊళ్ళో ఎలా పోస్తారో అలాగే పొయ్యమ్మా, నీళ్ళకి వెనకాడకు అన్నాను. ఆ రోజు మూడోనాటి స్నానం ఉన్న బాలింతని దొడ్లో తడికల చాటున కూర్చోబెట్టారు. నేను తడికలకి ఇవతల, వీపు అటు తిప్పి, స్టూలు మీద కూర్చున్నాను. లోపల్నుంచి కేక: "బాబూ, ఉన్నావా? ఇంకో బకిట సల్లనీల్లు తోయ్." తోశాను.

గంగాళం ఖాళీ అయింది. తల్లికి పట్టినన్ని పోసి, తర్వాత పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పిల్లకి పోసింది. అయిపోయిందనుకుని లేవబోయాను. అవతల మళ్ళీ నీళ్ళ చప్పుడు.

"ఇప్పుడెవరికమ్మా?"

"నాకు. పురిటాల్ని ముట్టుకున్నాను కదా. తానం సెయ్యకండా పొయ్యి ముట్టుకుంతానేటి? నాను వండకపోతే సిన్నమ్మి తింతాదేటి?"

నేను మళ్ళీ స్టూలు మీద కూర్చుని కాగితం తీశాను. మంచానికి ఒక మనిషి అని వేసిన లెక్కలో ఇద్దరు మనుషులు గల్లంతయ్యారు. ప్రతి బాలింత వెనకా నీళ్ళు పోసే తల్లో అత్తో ఉంటుంది. ఆవిడ స్నానం చేస్తే గాని వంట లేదు, వంటయితే గాని బాలింతకి పథ్యం లేదు. ఎనిమిదింటికి డాక్టరమ్మ రౌండ్లు. అంటే ఈ ముగ్గురి స్నానాలూ, ఇరవై మంచాలవీ, తెల్లారి ఐదింటికీ ఏడింటికీ మధ్యే అయిపోవాలి. పగలంతా సర్దుకోవడం అన్నది ఆ బాయిలరు పెట్టిన వాళ్ళ కలలోనే ఉంది.

గంగాళం పక్కన కూర్చుని తల తుడుచుకుంటూ కాసులమ్మ అడక్కుండానే చెప్పింది. మాట మామూలుగానే వచ్చింది.

"సిన్నమ్మి తల్లి నా కూతురే. ఇక్కడే కంది, ఇదే ఆసుపత్రిలో. అప్పుడు బాయిలేరూ నేదు, ఏటీ నేదు. ఉండిపోండి అన్నారు డాట్రమ్మలు. మూడోనాడు తానం పొయ్యాలని నానే లేపినాను. నానే తీసుకుపోనాను. గాటీ మీద బస్సులో నెత్తురు కమ్మీసింది. ఇంటికి సేరనేదు. ఈ గుంటని ఒల్లో ఎట్టుకుని నానొక్కద్దాన్నే దిగినాను."

గంగాళం కింద మిగిలిన కట్టెని నేను బయటికి లాగాను.

"ఇప్పుడు దీనికీ నెత్తురు తక్కువని సెప్పినారు. పది దినాలు ఉంచీమన్నారు. ఉంచుతాను బాబూ. కానీ తానం నేకండా పురిటాలిని ఎలగుంచను? ఒల్లు నీరొచ్చెత్తాది, పాలు పడవు. అదీ సావే కదా."

పాలు పడతాయా, పడవా అని ఆవిడతో వాదించడం నా పని కాదు. డాక్టర్లు వాదించారు, ఎన్నో ఏళ్ళ నుంచి వాదిస్తున్నారు, మంచాలు ఖాళీగానే ఉన్నాయి. నా పని వేడినీళ్ళు. ఇరవయ్యో మంచానికి కూడా వేడినీళ్ళు ఇవ్వగలిగితే చిన్నమ్మి ఆ కొండ దిగువనే ఉంటుంది. ఇవ్వలేకపోతే, ఆ ముసలిది రెండోసారి అదే బస్సెక్కుతుంది.

లెక్క

ఇక్కడ కుర్రాళ్ళు కాస్త దృష్టి పెట్టాలి.

గంగాళం కొలిచాం. తల్లికి ఆరు బకెట్లు, పిల్లకి ఒకటి, పోసినావిడకి రెండు. పదిహేను లీటర్ల బకెట్టు. మంచానికి నూట ముప్పై ఐదు లీటర్లు, చన్నీళ్ళు కలిపిన తర్వాత. చలికాలం తెల్లారుగట్ల మా ఊరి నీళ్ళు ఇరవై డిగ్రీలుంటాయి. పుస్తకంలో ముప్పై అని ఉంటుంది, దాన్ని పట్టుకోకండి, చేత్తో ముట్టుకుని చూడండి. ట్యాంకులో అరవై ఐదు డిగ్రీల నీళ్ళుంటే, సగం వేణ్ణీళ్ళు సగం చన్నీళ్ళు కలిపితే స్నానానికి సరిపోతుంది. అంటే మంచానికి డెబ్బై లీటర్ల వేణ్ణీళ్ళు, ఇరవై మంచాలకి పద్నాలుగు వందలు. ఒక్కో లీటరూ నలభై ఐదు డిగ్రీలు పెరగాలి. మొత్తం అరవై మూడు వేల కిలోకేలరీలు.

ఇవన్నీ రెండు గంటల్లో కాయాలంటే గంటకి ముప్పై రెండు వేలు. మూర్తి గారు దీనికి ఆయన అలవాటు కొద్దీ కొసరు కలిపి, గంటకి నలభై వేల బాయిలరు పెట్టమని రాసేశారు. సలోమి సిస్టరు గారు దాని ఖరీదు చూసి, "దీనికంటే కమిటీ వాళ్ళని ఇప్పుడే వచ్చి తాళం వేసుకోమని చెబితే సరిపోతుంది" అంది. ఆవిడ వెటకారం చేసిందంటే లోపల ఆశ వదిలేసిందని మా కాంపౌండులో అందరికీ తెలుసు.

అప్పుడు నాకు మూర్తి గారు చెప్పిన మాటే గుర్తొచ్చింది. ఆగగలిగితే చిన్నది చాలు. తెల్లారి వాడే నీళ్ళని తెల్లారే కాయాలని ఎవరన్నారు? ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి కాచి దాచుకోవచ్చు కదా. దాచినప్పుడు పోయే వేడికి, పైపుల్లో పోయేదానికి కలిపి నాలుగో వంతు కొసరు వేసుకున్నాను. దగ్గర దగ్గర ఎనభై వేలు. ఇప్పుడున్న బాయిలరు గంటకి ఆరు వేలు. దానికి తోడు అలాంటిదే ఇంకొకటి పెడితే గంటకి పన్నెండు వేలు. ఏడు గంటల లోపల పని అయిపోతుంది. కావలసింది పెద్ద బాయిలరు కాదు, పెద్ద ట్యాంకు. పదిహేను వందల లీటర్లది.

వేడి నిలవాలంటే? ట్యాంకు చుట్టూ ఇటుక గోడ కట్టి, మధ్యలో మూరెడు మందాన ఊక దట్టించాలి. గొలుగొండ రైసు మిల్లులో బండెడు ఊక పట్టుకుపొమ్మంటే పండగ చేసుకుంటారు. ట్యాంకుని అరుగు మీద పెట్టి బాయిలర్లని కింద పెడితే వేడెక్కిన నీళ్ళు వాటంతటవే పైకెక్కుతాయి. మోటారు అక్కర్లేదు. మా ఊళ్ళో కరెంటుని నమ్ముకుని ఎవరూ నీళ్ళు కాచుకోరు.

ఇంకొక్కటి. బాయిలర్ల చోటు మార్చాను. వార్డు వెనక చీకటి గదిలోంచి తీసి స్నానాలు చేసే దొడ్లోకే తెచ్చి, తడికల చాటున కొళాయి పెట్టాను, పొయ్యి నోరు ఆడవాళ్ళకి కనబడేలా. పైపు పొట్టిదైతే వేడి తక్కువ పోతుందన్నది ఒక కారణం. రెండో కారణం కాసులమ్మ. గొట్టంలోంచి వచ్చే నీళ్ళు ఎవరు కాచారో, ఎప్పుడు కాచారో తెలియదని ఆవిడకి గురి కుదరడం లేదు. "మంట సూడందే నమ్మకవేటి బాబూ" అంటుంది. పైగా పురిటి స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వెయ్యడానికి నిప్పులు కావాలి. పొయ్యి నోరు దగ్గరుంటే అవీ అక్కడే దొరుకుతాయి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు, కానీ ఆవిడ నమ్మకంలో సగం ఆ నిప్పుల వల్లే వచ్చింది.

కాగితాలు పట్టుకుని విశాఖపట్నం వెళ్ళాను. మూర్తి గారు చాలాసేపు చూశారు.

"పెద్ద బాయిలరు పెట్టమంటే నువ్వు పెద్ద కుండ పెట్టమంటున్నావోయ్."

"కుండకి కమిటీ ఒప్పుకుంటుందండీ."

"రాత్రంతా చల్లారదూ?"

"ఊక ఉందండీ. మూడు నాలుగు డిగ్రీలు పోతాయి. కొసర్లో వేశాను."

తిట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఇంకోసారి మొదట్నుంచీ చూశారు. దొరకలేదు. సంతకం పెట్టారు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "సుందర్రావ్, లెక్క బాగుంది" అన్నారు. ఆయన నోట ఆ మాట అంతకుముందు ఎవరూ విన్నట్టు నాకు తెలియదు. పట్టరాని సంతోషం వేసింది, దాచుకోను.

మొదటి పొద్దు

పని నడిచింది. నేను రెండో బాయిలరు కోసం విశాఖపట్నంలో ఉన్నప్పుడు, నర్సీపట్నంలో ఫిట్టరు ట్యాంకు బిగించాడు. నేను తిరిగొచ్చేసరికి ఇటుక గోడా ఊకా అయిపోయి ట్యాంకు బయటికి కనబడటం లేదు. ఈలోగా చిన్నమ్మికి మగపిల్లాడు పుట్టాడు. సలోమి సిస్టరు గారు కొండ ఊళ్ళన్నిటికీ కబురు పెట్టింది. అప్పటికే మంచాలు నిండుతున్నాయి. ఒక తల్లి మంచానికి ఏటికొప్పాక గిలక్కాయ కట్టి, పిల్లాడి కంటే ముందు తనే ఆడుకుంటోంది.

చిన్నమ్మి మూడోనాటి పొద్దునే మా మొదటి పొద్దు. మూర్తి గారు కూడా వచ్చారు, సైటుకి. వార్తాపత్రికలో వెయ్యాల్సిన సంగతి అది.

మొదటి ఐదు మంచాలకి నీళ్ళు పొగలు కక్కాయి. వార్డంతా కళకళలాడింది. ఏడో మంచం దగ్గర చన్నీళ్ళు కలపక్కర్లేకపోయింది. పదో మంచం దగ్గర నీళ్ళు గోరువెచ్చగా అయిపోయాయి. కాసులమ్మ చిన్నమ్మిని తడికల చాటున కూర్చోబెట్టి, బకెట్లో మోచెయ్యి పెట్టి చూసి తీసేసింది.

"బాబూ. ఇవి నీల్లు కావు."

గట్టిగా కూడా అనలేదు. చిన్నమ్మిని మళ్ళీ మంచం మీదకి తీసుకెళ్ళింది. చీరల మూట కట్టడం మొదలుపెట్టింది. రేపు ఎలిపోతాం అంది. సలోమి సిస్టరు గారు బతిమాలుతోంది, నేను బతిమాలుతున్నాను. ఆవిడ మూట ముడి బిగిస్తోంది.

లెక్కలో తప్పుందా? సగం ట్యాంకు ఇంకా ఉండాలి. ఎటు పోయింది వేడి? మూర్తి గారు ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగారు. చన్నీళ్ళు వచ్చే పైపు పట్టుకుని, అది గోడలోకి ఎక్కడ దూరిందో చూశారు. పైన దూరింది.

వేడినీళ్ళు తేలిక, పాల మీద మీగడలా పైన తేలతాయి. వాడిన కొద్దీ చన్నీళ్ళు అడుగునుంచి వస్తే, పైన వేడి అలాగే నిలిచి చివరి బకెట్టు దాకా వేడిగా వస్తుంది. చన్నీళ్ళని పైనుంచి పోస్తే? అవి కిందకి దిగుతూ మొత్తం కలిపేస్తాయి. పది మంచాలకే ట్యాంకంతా నులివెచ్చనైపోతుంది. నేను గీసిన బొమ్మలో పైపు అడుగునే ఉంది.

"అది నేనే మార్చాను," అన్నారు మూర్తి గారు. "చన్నీళ్ళ ట్యాంకు ఆ పక్కనుంది కదా, పైన కలిపితే పైపు కలిసొస్తుందని ఫిట్టరుకి చెప్పాను. సైటు చూడకుండా చెప్పాను."

ఇంకో ఆఫీసరైతే ఫిట్టరు మీదకి తోసేవాడు. అలా తోసినవాళ్ళ దగ్గర కూడా నేను పనిచేశాను. ఈయన చొక్కా విప్పి కొమ్మకి తగిలించి, బనీను మీద వచ్చి, ఇటుకలు తీసి చేతుల్తో ఊక తోడటం మొదలెట్టారు. నేనూ దిగాను, ఫిట్టరూ దిగాడు. ఊక కళ్ళల్లోకీ ముక్కుల్లోకీ పోయి ముగ్గురం తుమ్ముతుంటే వార్డు కిటికీల్లోంచి బాలింతలు నవ్వారు. మూర్తి గారూ నవ్వారు. బాస్‌ని గౌరవించడమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. పైపు కోసి, అడుగున కలిపి, ఊక మళ్ళీ దట్టించేసరికి మూడైంది. పొయ్యిలు రాజేశాం.

ఇరవయ్యో మంచం

నెలాఖరున కమిటీ వాళ్ళొచ్చి నిండిన మంచాలు చూసి వెళ్ళారు. ఆ వార్డు మూసే మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు. అదే లెక్కతో నేను ఇంకా చాలా చోట్ల ట్యాంకులు పెట్టాను. కానీ ఈ పని ఎందుకు చేశానని ఎవరైనా అడిగితే నేను చెప్పేది కమిటీ సంగతి కాదు, పైపు మార్చిన మర్నాటి పొద్దు సంగతి.

మంచు ఇంకా విడలేదు. కాసులమ్మ మూట కట్టి, గుమ్మం దగ్గర పెట్టుకుంది. బస్సు తొమ్మిదింటికి. సలోమి సిస్టరు గారు చిన్నమ్మికే ముందు పొయ్యమని చెప్పింది. నేను కూడా అదే అన్నాను.

"కాదు," అంది కాసులమ్మ. "అందరికీ పొయ్యండి. దీనికి ఆకర్న పోత్తాను."

మొదట పోసుకునేవాళ్ళకి నీళ్ళు ఎటూ వేడిగానే ఉంటాయని ఆవిడకి నిన్నే తెలిసింది. చివరి నీళ్ళు చూడాలావిడకి. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, తల్లులు, పిల్లలు, నీళ్ళు పోసే ఆడవాళ్ళు. పదో మంచం దాటింది. పదిహేనో మంచం దాటింది. ఎవరికి వాళ్ళు పొయ్యి నోట్లోంచి నిప్పులు తీసుకుని సాంబ్రాణి వేసుకుంటున్నారు, దొడ్డంతా ఆ వాసనే. నేనూ మూర్తి గారూ తడికలకి ఇవతల స్టూళ్ళ మీద, వీపులు అటు తిప్పుకుని కూర్చున్నాం. ఆయన వేళ్ళు ఆగడం లేదు. మోకాళ్ళ మీద ఏదో లెక్క వేస్తూనే ఉన్నాయి.

ఆఖర్న చిన్నమ్మి వచ్చింది, గోడ పట్టుకుని మెల్లిగా. కొళాయి తిప్పిన చప్పుడైంది. బకెట్టు నిండుతున్న చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. మోచెయ్యి ముంచి ఉంటుంది.

"ఒలమ్మ," అంది కాసులమ్మ లోపల, మెల్లిగా. "సల్లనీల్లు తోయ్ బాబూ. రెండు బకిట్లు."

మూర్తి గారే లేచి తోశారు.

చాలాసేపు పోసింది. చెంబు బకెట్లో మునిగిన చప్పుడూ, నీళ్ళు జారిన చప్పుడూ, మధ్యమధ్యలో పిల్లాడి ఏడుపూ వినబడ్డాయి. ఉన్నట్టుండి చిన్నమ్మి మాట, నిద్రమత్తులో: "అమ్మమ్మా, నడుం ఒదులైపోనాది." పోస్తూ పోస్తూ ఉండగానే ఆ పిల్ల కూర్చున్న చోటే కునుకు తీసింది. మూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఊక ఇంకా పోలేదన్నారు. నాకూ పోలేదు.

మనవరాలిని మంచం మీద పడుకోబెట్టి, తను స్నానం చేసి, తడి జుట్టుతోటే కాసులమ్మ నా దగ్గరికొచ్చి నిలబడింది.

"బాబూ. ఈ నీల్లు రేపూ ఉంతాయా?"

"ఉంటాయమ్మా."

"ఆకరి మంచానికి కూడానా?"

"ఆఖరి మంచానికి కూడా."

"ఎల్లుండో?"

"ఎల్లుండీ ఉంటాయి. ఎన్నాళ్ళున్నా ఉంటాయి."

ఆవిడ ట్యాంకు వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూసింది.

"అప్పుడూ ఇలగుంటే," అంది, "నా కూతుర్ని బస్సెక్కించీదాన్ని కాదు."

చెంగుతో మొహం తుడుచుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. మూట విప్పింది. పిల్లాడి తడిగుడ్డలు ఒక్కొక్కటే తీసి, ఆరేందుకు, ట్యాంకులోంచి దిగే వేడి పైపు మీద వేసుకుంటూ వచ్చింది.